సముద్రం పక్కన ఇల్లు: కాంక్రీటులో బూడిద, స్లాగ్ కలపనివ్వచ్చా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెబుతాను, ఇతరులకు కూడా అర్థమవుతుంది. భీమిలి వైపు, సముద్రానికి అర కిలోమీటరు దూరంలో రెండంతస్తుల ఇల్లు కడుతున్నారు. రెడీమిక్స్ వాళ్లు ఇచ్చిన కొటేషన్‌లో ఎం30 కాంక్రీటు (ఎం పక్కన అంకె దాని బలాన్ని చెబుతుంది), అందులో సిమెంటుకు బదులు 25 శాతం ఫ్లై యాష్, అంటే థర్మల్ స్టేషన్ బొగ్గు బూడిద, అని రాశారు. మీ మేస్త్రి అది చూసి ‘బూడిద కలిపిన స్లాబ్ నిలవదు, నేను బాధ్యత తీసుకోను’ అన్నారు. దాంతో మీకు టెన్షన్ పట్టుకుంది. పాత ఇల్లు కూల్చిన శిథిలాలు స్థలంలోనే పడి ఉన్నాయి, వాటిని కంకరగా వాడొచ్చా అని అడిగారు. ప్లాస్టిక్ ముక్కలు కలిపితే పగుళ్లు రావని ఎక్కడో వీడియోలో చూశానని కూడా రాశారు.

సమాధానం ముందే చెప్పేస్తాను. బూడిద కలపనివ్వండి. సముద్రం పక్కన కడుతున్నారు కాబట్టి కలపమని మీరే అడగాలి. స్లాగ్, అంటే ఇనుము కరిగించే కొలిమిలో వచ్చే తెట్టు పొడి, దొరికితే ఇంకా మంచిది. శిథిలాలు స్లాబులోకీ పిల్లర్లలోకీ వద్దు, వాటికి వేరే చోటుంది. ప్లాస్టిక్ అసలు వద్దు. అయితే ఈ బూడిద మాటకు గట్టి షరతు ఒకటుంది. అది నీళ్లకు సంబంధించింది. కాంక్రీటు పోసేటప్పుడు ఎక్కువ పోయకూడదు, పోశాక తక్కువ పెట్టకూడదు. కాంక్రీటు నాణ్యత చూసే పనిలో ఇరవై ఏడేళ్లు గడిపాను. బూడిద వల్ల పాడైన స్లాబును నేనింతవరకు చూడలేదు. నీళ్ల దగ్గర చేసిన తప్పు వల్ల పాడైనవి చాలా చూశాను.

బూడిద లోపల ఏం చేస్తుందో తెలిస్తే మీ భయం సగం పోతుంది. సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు ముఖ్యంగా రెండు పదార్థాలు పుడతాయి. మొదటిది కంకరనీ ఇసుకనీ పట్టి ఉంచే అసలు జిగురు. రెండోది సున్నం. గట్టిపడిన సిమెంటు ముద్దలో ఈ సున్నం దాదాపు ఐదో వంతు ఉంటుంది. బలానికి అది పెద్దగా పనికిరాదు. పైగా నీళ్లు తగిలితే మెల్లగా కరిగి బయటికి వస్తుంది. పాత స్లాబుల కింద తెల్లగా పేరుకునే మరకలు చాలావరకు అవే. థర్మల్ స్టేషన్‌లో బొగ్గు మండినప్పుడు పొగతో పాటు ఎగిరే సన్నటి బూడిదలో గాజులాంటి సిలికా ఉంటుంది. ఇది ఆ సున్నాన్ని పట్టుకుని, నీటి సమక్షంలో మళ్లీ అదే జిగురుగా మారుస్తుంది. అంటే సిమెంటులో వృథాగా పోయేదాన్ని తెచ్చి పనిలో పెడుతుంది. లోపలి సూక్ష్మ రంధ్రాలు పూడుకుంటాయి, కాంక్రీటు చిక్కబడుతుంది.

మన పెద్దవాళ్లు గానుగ సున్నంలో ఇటుక పొడి, అదే సుర్కీ, కలిపింది కూడా ఇందుకే. కాల్చిన మట్టిలోని సిలికా సున్నంతో కలిసి గట్టిపడుతుందని వాళ్లకు అనుభవం మీద తెలుసు. మీ మేస్త్రికి ఈ ఉదాహరణ చెప్పండి. తాత ముత్తాతల నుంచి తాపీ పని చేస్తున్న వాళ్లయితే వెంటనే అర్థం చేసుకుంటారు. కాంక్రీటులో ఫ్లై యాష్ వాడకం కూడా కొత్తేమీ కాదు. అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని హంగ్రీ హార్స్ ఆనకట్టలో 1950 ప్రాంతంలోనే భారీగా వాడారు.

మరి మేస్త్రి ఎందుకు భయపడుతున్నారు? ఆయన భయానికి కారణం ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. సిమెంటు నీళ్లతో కలిసి సున్నాన్ని విడుదల చేసిన తర్వాతే బూడిద పని మొదలుపెడుతుంది. కాబట్టి మొదటి వారం బలం నెమ్మదిగా వస్తుంది. బజారులో దొరికే సిమెంటు ప్రమాణాలు చూడండి. 53 గ్రేడు మామూలు సిమెంటు మూడు రోజులకు 27, ఏడు రోజులకు 37 మెగాపాస్కల్ (బలాన్ని కొలిచే కొలమానం) బలం చూపించాలి. బూడిద కలిపి అమ్మే పీపీసీ సిమెంటుకు అదే గడువుల్లో 16, 22 చాలు. మేస్త్రి మూడో రోజున స్లాబు అంచుని తాపీతో గీకి చూస్తాడు. ఎప్పుడూ చూసే గట్టిదనం కనిపించదు. ‘బూడిద ముంచేసింది’ అనుకుంటాడు. అదే స్లాబును రెండు నెలల తర్వాత గీకి చూసేవాళ్లు ఎవరూ ఉండరు.

ఒక అపార్టుమెంటులో జరిగింది చెబుతాను. హాలు స్లాబు, ఐదు మీటర్లు దాటిన నిడివి. పీపీసీ సిమెంటు వాడారు. సెంట్రింగ్ సామాను వేరే సైటుకి కావాలని ఎనిమిదో రోజున మొత్తం ఊడదీశారు. మామూలు సిమెంటు వాడినా ఐఎస్ 456, అంటే కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం, ప్రకారం నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబుకు ఊతాలు కనీసం 14 రోజులుండాలి. నెమ్మదిగా గట్టిపడే సిమెంటుకైతే ఇంకా ఆగాలి. స్లాబు మధ్యలో కిందికి వంగింది, అడుగున పగుళ్లు కనిపించాయి. యజమాని, మేస్త్రి ఇద్దరూ బూడిదనే తిట్టారు. అదే రోజు ఆ కాంక్రీటుతో బలం పరీక్ష కోసం పోసి ఉంచిన క్యూబులను (చిన్న ఘనాకారపు దిమ్మలను) 28వ రోజున పరీక్షిస్తే అన్నీ పాసయ్యాయి. కాంక్రీటు తన పని తాను చేస్తూనే ఉంది, మనమే దానికి గడువు ఇవ్వలేదు. ఆ కుటుంబం ఆ హాలుకి అడుగున స్టీలు దూలం వేయించుకోవాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే బాధేస్తుంది, ఇంకో పది రోజులు ఆగితే సరిపోయేది.

ఇక మీ విషయంలో అసలు శత్రువు ఉప్పుగాలి. కాంక్రీటు లోపల ఉన్న చువ్వకు చుట్టూ ఉన్న క్షారగుణం వల్ల ఒక సన్నటి రక్షణ పొర ఏర్పడుతుంది. సముద్రపు ఉప్పులోని క్లోరైడు సూక్ష్మ రంధ్రాల గుండా లోపలికి చేరి ఆ పొరను ఛేదిస్తుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. విశాఖ తీరంలో పాత ఇళ్ల సన్‌షేడ్లూ బాల్కనీలూ పెచ్చులూడి చువ్వలు బయటపడి ఉండటం మీరు చూసే ఉంటారు. బూడిదో స్లాగో కలిపి, బాగా తడిపిన కాంక్రీటులో రంధ్రాలు చాలా సన్నబడతాయి. క్లోరైడు లోపలికి చేరే వేగం బాగా తగ్గుతుంది. అందుకే తీరంలో కట్టే వంతెనలకీ, ఓడరేవు కట్టడాలకీ వీటిని కావాలని కలుపుతారు. అక్కడ ఖర్చు తగ్గించుకోవడం రెండో విషయం.

సముద్రతీరంలో గాలికి తెరిచి ఉండే కాంక్రీటును ఐఎస్ 456 ‘తీవ్ర’ పరిస్థితి కింద లెక్కిస్తుంది. కనీసం ఎం30, ఘనమీటరుకు కనీసం 320 కేజీల సిమెంటు పదార్థం (సిమెంటు, బూడిద, స్లాగ్ అన్నీ కలిపి), దాంతో పోలిస్తే నీళ్ల బరువు నిష్పత్తి 0.45 దాటకూడదు, చువ్వ మీద కవర్, అంటే చువ్వను కప్పే కాంక్రీటు మందం, 45 మిల్లీమీటర్లు. ఈ చివరిది మర్చిపోకండి. కంకర ముక్క పెట్టి ‘కవర్ వచ్చేసింది’ అనే అలవాటు చాలా సైట్లలో ఉంది. కాంక్రీటుతో చేసిన కవర్ బ్లాకులు కొని దగ్గరుండి పెట్టించండి. కవర్ 20 మిల్లీమీటర్లే ఉంటే ఎంత మంచి బూడిద కలిపినా ఉపయోగం లేదు.

ఇందులో ఒక ప్రతికూలత కూడా ఉంది, అది దాచడం నాకు ఇష్టం లేదు. బూడిద సున్నాన్ని వాడేసుకుంటుంది కాబట్టి లోపలి క్షారగుణం కొంత తగ్గుతుంది. సరిగ్గా తడపని కాంక్రీటులో గాలిలోని కార్బన్ డయాక్సైడు త్వరగా లోపలికి చేరి, చువ్వ రక్షణ పొరను మరో దారిలో దెబ్బతీస్తుంది. బాగా తడిపితే రంధ్రాలు మూసుకుపోతాయి కాబట్టి ఈ ఇబ్బంది పెద్దగా ఉండదు. అంటే సరిగ్గా తడపకపోతే మామూలు కాంక్రీటు కంటే బూడిద కాంక్రీటుకే ఎక్కువ నష్టం.

విశాఖలో కట్టేవాళ్లకు ఒక అదృష్టం ఉంది. పరవాడలో సింహాద్రి థర్మల్ స్టేషన్ బూడిద, గాజువాక పక్కన ఉక్కు కర్మాగారం స్లాగ్, రెండూ చేరువలోనే పుడుతున్నాయి. ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుము మీద తేలే కరిగిన తెట్టును ఒక్కసారిగా నీళ్లతో చల్లార్చితే గాజు ఇసుకలా మారుతుంది. దాన్ని మెత్తగా పొడి చేస్తే జీజీబీఎస్. బూడిద సున్నం కోసం ఎదురుచూస్తుంది. స్లాగ్‌లో తనదైన కాల్షియం ఉంటుంది కాబట్టి సిమెంటు కాస్త కదిలిస్తే చాలు, అదే గట్టిపడటం మొదలుపెడుతుంది. అందుకే దీన్ని ఎక్కువ పాళ్లలో కలపొచ్చు. స్లాగ్ సిమెంటులో ఇది 25 నుంచి 70 శాతం దాకా ఉండొచ్చని ప్రమాణం చెబుతుంది, బూడిద సిమెంటులో బూడిదకు 15 నుంచి 35 శాతమే. తీరంలో పునాదులకీ పిల్లర్లకీ నన్నడిగితే సగం సిమెంటు, సగం స్లాగ్ అంటాను. సెంట్రింగ్ విప్పగానే స్లాగ్ కాంక్రీటు నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో కనిపిస్తే కంగారు పడకండి. గాలి తగిలితే కొన్నాళ్లకు ఆ రంగు పోతుంది. ఆ రంగు చూసి పిల్లర్లు కూల్చమని పట్టుబట్టిన యజమానిని ఒప్పించడానికి నాకు ఒక పూట పట్టింది.

కానీ స్లాగ్ అన్న పేరుతో వచ్చేదంతా ఒకటి కాదు. ఉక్కు తయారయ్యే దశలో వచ్చే స్టీల్ స్లాగ్ వేరు. అందులో కలవకుండా మిగిలిన సున్నం ఉంటుంది. తడి తగిలినప్పుడు అది నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉబ్బుతుంది. ఆరుబయట బాగా మగ్గబెట్టకుండా దాన్ని తెచ్చి గచ్చు కింద నింపితే టైల్స్ పైకి లేస్తాయి. ఒక గోదాములో ఇలా నేల మొత్తం తరంగాల్లా లేవడం స్వయంగా చూశాను. చువ్వ ఉన్న కాంక్రీటులో స్టీల్ స్లాగ్‌ను కంకరగా ఐఎస్ 383, అంటే కంకర, ఇసుకల ప్రమాణం, అసలు ఒప్పుకోదు. ‘స్లాగ్ చవగ్గా ఉంది, గచ్చు కింద పోయిస్తాను’ అని టిప్పర్ వాడు వస్తే అది ఏ స్లాగో అడగండి.

బూడిదలోనూ ఇంతే తేడా ఉంది. పొగ గొట్టానికి ముందు యంత్రాలతో పట్టే పొడి బూడిదే కాంక్రీటుకు పనికొస్తుంది. నీళ్లలో కలిపి చెరువులోకి వదిలిన బూడిదలో ముతక రేణువులూ అడుగు బూడిదా కలిసిపోయి ఉంటాయి. అది ఇటుకలకీ గోతులు పూడ్చడానికీ సరే, మీ స్లాబుకి కాదు. రెడీమిక్స్ వాళ్లని ఐఎస్ 3812 (బూడిద ప్రమాణం) మొదటి భాగం ప్రకారం బూడిద పరీక్ష కాగితం అడగండి. అందులో రెండు అంకెలు చూస్తే చాలు. మండని బొగ్గు ఎంతుందో చెప్పే అంకె 5 శాతం దాటకూడదు. 45 మైక్రాన్ల జల్లెడ మీద మిగిలేది 34 శాతం లోపుండాలి. మండని బొగ్గు ఎక్కువైతే అది అడ్మిక్స్చర్‌ను (నీళ్లు పెంచకుండా కాంక్రీటును జారుగా ఉంచే మందును) పీల్చేసుకుంటుంది. కాంక్రీటు దారిలోనే బిగుసుకుపోతుంది, అప్పుడు నీళ్లు కలపాలనిపిస్తుంది. పోసిన కాంక్రీటు మీద నల్లటి తెట్టు తేలుతుంటే బొగ్గు ఎక్కువుందని అనుమానించండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. బూడిదను ప్లాంటులో కలిపేటప్పుడు సిమెంటు ఓపీసీ, అంటే ఏమీ కలపని మామూలు సిమెంటు, అయి ఉండాలి. పీపీసీ బస్తాలో ముందే బూడిద ఉంది, దానికి మళ్లీ 25 శాతం కలిపితే మీకు తెలియకుండానే సగం దాకా బూడిద కావచ్చు. ప్రతి లారీతో వచ్చే బ్యాచ్ షీటు తీసుకుని ఏ పదార్థం ఎన్ని కేజీలో చూడండి. ఉదాహరణకు మొత్తం సిమెంటు పదార్థం 380 కేజీలనుకుందాం. 25 శాతం అంటే బూడిద 95, సిమెంటు 285, నీళ్లు 165 లీటర్లు. నిష్పత్తి 0.43, సరిగ్గా ఉంది. లారీ సైటుకి వచ్చాక ‘గట్టిగా ఉంది, పైపులో పోవట్లేదు’ అని ఆరు ఘనమీటర్ల లారీలో ఏడెనిమిది బిందెలు పోశారనుకోండి. అంటే దాదాపు 120 లీటర్లు, ఘనమీటరుకు 20. నిష్పత్తి 0.49కి చేరుతుంది. సముద్రం పక్కన మీరు డబ్బు పెట్టి కొన్న రక్షణ ఆ బిందెలతో పోయింది. గట్టిగా ఉంటే ప్లాంటు మనిషిని పిలిచి అడ్మిక్స్చర్ వేయించండి. నీళ్ల పైపు లారీ దగ్గరికి రానివ్వకండి.

మీ శిథిలాల సంగతి. పాత కాంక్రీటును పగలగొట్టి జల్లిస్తే వచ్చే కంకర చూడటానికి బాగానే ఉంటుంది. కానీ ప్రతి రాయికీ పాత సిమెంటు పెచ్చు అంటుకుని ఉంటుంది. మన గ్రానైటు కంకర తన బరువులో ఒక శాతం నీళ్లు కూడా పీల్చదు. ఈ పెచ్చున్న కంకర దానికి ఎన్నో రెట్లు పీల్చుతుంది. పొడిగా వేస్తే మిక్సులో నీళ్లు లాగేసుకుంటుంది, అందుకే ముందురోజే నానబెట్టి, పైతడి ఆరాక వాడాలి. ఐఎస్ 383 ఇలాంటి కంకరను చువ్వ ఉన్న కాంక్రీటులో ఎం25 దాకా మాత్రమే, అదీ 20 శాతమే ఒప్పుకుంటుంది. చువ్వ లేని కాంక్రీటులో 25 శాతం. పునాది కింద పోసే ఎం15 లోపు పలచటి బెడ్ కాంక్రీటులో వంద శాతం వాడొచ్చు. మీది ఎం30, పైగా సముద్ర తీరం. ఆ పాత ఇల్లు కూడా ఏళ్ల తరబడి ఉప్పుగాలి పీల్చింది, ఆ ఉప్పును మళ్లీ కొత్త చువ్వ పక్కన పెట్టడం నాకు అసలు నచ్చదు. ఇటుక ముక్కలు, ప్లాస్టర్, టైల్స్ వేరు చేసి మంచి కాంక్రీటు ముక్కలను పునాది కింద బెడ్‌కి వాడండి. ఇటుక ముక్కలతో వాకిలీ కారు నిలిపే చోటూ నింపి దిమ్మిస కొట్టించండి. హైదరాబాద్‌లో జీడిమెట్లలో, ఫతుల్లగూడలో ఇలాంటి శిథిలాలను యంత్రాలతో వేరుచేసి పొడి చేసే ప్లాంట్లున్నాయి. అలా గ్రేడు చేసి పరీక్షించిన సరుకుకూ, మన స్థలంలో సుత్తితో కొట్టిన సరుకుకూ చాలా తేడా ఉంటుంది.

ప్లాస్టిక్ గురించి. రోడ్లలో ప్లాస్టిక్ వాడటం నిజమే, మంచిదే. అక్కడ వేడి కంకర మీద ప్లాస్టిక్ కరిగి పొరలా అంటుకుంటుంది, తారు దాన్ని బాగా పట్టుకుంటుంది. కాంక్రీటులో వేడి లేదు, కరగడం లేదు. సిమెంటు ప్లాస్టిక్‌ను అంటుకోదు. ప్రతి ముక్కా ఒక చిన్న ఖాళీలా మిగిలి బలాన్ని తగ్గిస్తుంది. పగుళ్లు తగ్గించడానికి అమ్మే సన్నటి పాలీప్రొపిలీన్ దారాలు వేరు, అవి కొలత ప్రకారం ఆ పనికే తయారుచేసినవి. చెత్త కవర్లు కత్తిరించి వేయడానికీ దానికీ సంబంధం లేదు. టైరు ముక్కలకూ ఇదే మాట, బలం పడిపోతుంది.

గోదావరి జిల్లాల వాళ్లు ఎవరైనా చదువుతుంటే ఊక బూడిద గురించి అడుగుతారని తెలుసు. ఊకలో అయిదో వంతు బూడిదే, ఆ బూడిదలో చాలావరకు సిలికానే. సరైన వేడిలో కాల్చి మెత్తగా పొడి చేస్తే చాలా గొప్ప పదార్థం. కానీ రైసు మిల్లు బాయిలర్ నుంచి వచ్చే నల్లబూడిదలో మండని ఊక ఉంటుంది, వేడి మరీ ఎక్కువైతే సిలికా స్ఫటికంగా మారి సున్నంతో కలవదు. నేరుగా తెచ్చి కలపకండి. గ్రానైటు కోత బురద కూడా ఇసుకలో కొద్ది భాగంగా సందులు నింపడానికి పనికొస్తుంది, కానీ మరీ మెత్తన కాబట్టి నీళ్లు ఎక్కువ అడుగుతుంది. ఇంటి పనిలో దాని జోలికి వెళ్లక్కర్లేదు.

ఇప్పుడు తడపడం. బూడిద కాంక్రీటులో నీళ్లు పైకి తేలడం తక్కువ, అందుకే ఎండలో గాలిలో పైపొర త్వరగా ఆరి సన్నటి పగుళ్లు వస్తాయి. భీమిలి గాలి మీకు తెలుసు. స్లాబ్ సాయంత్రం పోయించండి, పైన చదును చేసిన వెంటనే ప్లాస్టిక్ పట్టా కప్పండి. మర్నాడు పొద్దున సిమెంటు మడులు కట్టి నీళ్లు నిలపండి. బూడిదో స్లాగో కలిపిన సిమెంట్లకు ఐఎస్ 456 మామూలు వాతావరణంలో 10 రోజులు, పొడి వేడిలో 14 రోజులు అడుగుతుంది. మీరు 14 పెట్టుకోండి. స్లాబును అందరూ తడుపుతారు, పిల్లర్లను మర్చిపోతారు. ఉప్పుగాలి పిల్లర్లకూ తగులుతుంది. తడి గోనె చుట్టి, పైన పట్టా కట్టి, రోజుకి మూడుసార్లు తడపడానికి ఒక మనిషిని జీతం ఇచ్చి పెట్టుకోండి. తడిపే నీళ్లు కూడా మంచినీళ్లే కావాలి. తీరంలో బోరు ఉప్పగా ఉంటే ట్యాంకరు తెప్పించండి.

చివరిగా, మీ మేస్త్రితో గొడవ పడొద్దు. స్లాబ్ రోజున మామూలుగా 7, 28 రోజుల పరీక్షలకు తీసే క్యూబులతో పాటు మూడు క్యూబులు అదనంగా పోయించి 56వ రోజుకి ఉంచండి. పరీక్ష చేయించే రోజున ఆయన్ని కూడా ల్యాబుకి తీసుకెళ్లండి. ఏడో రోజు అంకె చూసి ఆయన ‘చూశారా’ అంటారు, అననివ్వండి. సెంట్రింగ్ మాత్రం ఆయన చెప్పిన రోజు కంటే వారం ఆలస్యంగా విప్పండి, దాని అద్దె మీరే కట్టండి.